పాత గొంతుకు కొత్త గది

హార్వర్డ్ యార్డులో తెల్లటి శిఖరంతో కనిపించే మెమోరియల్ చర్చిని 1932లో కట్టారు. దాని తూర్పు కొసన, గాయకబృందం కూర్చునే చోట, ఆపిల్టన్ చాపెల్ అని చిన్న ప్రార్థనాస్థలం ఉంది. 1967లో అక్కడ చార్లెస్ ఫిస్క్ చేసిన పైపు ఆర్గన్ పెట్టారు. ఆయన వర్క్‌షాపు లెక్కలో అది 46వ వాద్యం. నలభై ఏళ్లు దాటాక దాన్ని విప్పి టెక్సస్‌లోని ఆస్టిన్‌కు, రిడీమర్ ప్రెస్బిటేరియన్ చర్చికి పంపేశారు. కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక క్రిస్టియన్ సైన్స్ చర్చి కోసం ఎర్నెస్ట్ స్కిన్నర్ కంపెనీ 1930 ప్రాంతంలో చేసిన ఆర్గన్‌ను తెచ్చి ఆపిల్టన్ చాపెల్‌లో నిలబెట్టారు. దాని నంబరు 793. తర్వాత 2012లో చర్చి వెనుక గ్యాలరీలో ఫిస్క్ వర్క్‌షాపువాళ్లే 139వ నంబరుతో మరో కొత్త ఆర్గన్ చేసిపెట్టారు.

సంగీత వాద్యాన్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తీసుకెళ్లడంలో విశేషం ఏముందని అడగొచ్చు. వీణకు పెట్టె ఉంటుంది, మృదంగానికి గుడ్డసంచి ఉంటుంది. పైపు ఆర్గన్‌కు అలాంటిదేమీ ఉండదు, ఎందుకంటే అది ఉన్న గదే దానికి పెట్టె. గోడలు, పైకప్పు, చెక్క బల్లలు, వాటి మీద కూర్చున్న మనుషుల బట్టలు కూడా దాని నాదంలో భాగమే. చేసినవాడు ఆ గదిని విని, ఆ గదికి సరిపడేలా గొట్టం గొట్టాన్నీ పలికిస్తాడు. వాద్యాన్ని అక్కడినుంచి పెకలించాక చేతికి మిగిలేది కొన్ని వేల గొట్టాలు, చెక్కపెట్టెలు, తోలుముక్కలు మాత్రమే. నాదం పాత గదిలోనే ఉండిపోతుంది. దాన్ని కొత్త గదిలో మళ్లీ రాబట్టాలి.

కొత్త ఆర్గన్ చేసినవాడికి పేరొస్తుంది. పాత ఆర్గన్ చోటు మార్చి, దానికి కొత్త గొట్టాలు చేర్చి పెంచినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. అతని పని ఎంత బాగుంటే అతను అంతగా కనిపించకుండా పోతాడు. పట్టుచీరకు రఫూ చేసినవాడి చేతిలాంటిది అతని చేయి. ఈ వ్యాసం ఆ చేతిపని గురించి.

మనవాళ్లకు ఆర్గన్ అంటే ముందుగా హార్మోనియమే తలపుకొస్తుంది. పద్యనాటకాల హార్మోనియంలో గొట్టాలుండవు. చేత్తోనో కాలితోనో తిత్తి ఊదితే లోపలి ఇత్తడి రేకులు అదిరి పలుకుతాయి. పైపు ఆర్గన్‌లో ప్రతి స్వరానికీ విడి గొట్టం ఉంటుంది. అదీ ఒక్క రకం నాదానికి మాత్రమే. ఇంకో రకం నాదం కావాలంటే ఇంకో వరస గొట్టాలు పెట్టాలి. ఒక్కో వరసను పలికించే మీటను స్టాప్ అంటారు. ఒక మెట్లపలకకు సాధారణంగా 61 మెట్లు ఉంటాయి కాబట్టి స్టాప్‌కు 61 గొట్టాలు. కొన్ని మిశ్రమ స్టాపులలో ఒక్క మెట్టు నొక్కితే మూడు నాలుగు గొట్టాలు కలిసి పలుకుతాయి. మధ్యస్థాయి ఆర్గన్‌కే రెండు మూడు వేల గొట్టాలు ఎలా అవుతాయో దీన్నిబట్టి లెక్క వేసుకోవచ్చు. అందులో అన్నిటికంటే చిన్నది పెన్సిల్ కంటే సన్నం. పెద్ద ఆర్గన్లలోని మంద్ర గొట్టాన్ని నిలబెడితే మూడంతస్తుల ఎత్తు, 32 అడుగులు. దాని స్వరం సెకనుకు పదహారు కంపనాల దగ్గర ఉంటుంది. అది చెవికంటే ముందు పాదాలకు తెలుస్తుంది.

ఇంత పెద్ద సరంజామాను విప్పేటప్పుడు మొదటి పని చదవడం. పాత గొట్టాల మీద చేసినవాళ్లు గీసిన గుర్తులు ఉంటాయి. ఏ స్వరం, ఏ స్టాప్ అన్నది మూతి దగ్గరో కాలి దగ్గరో సూదిమొనతో గీసో, అచ్చుగుద్దో ఉంటుంది. తర్వాత ఎవరైనా ఒక వరసను జరిపి వేరే స్వరానికి వాడుకుంటే పాత గుర్తు పక్కనే కొత్త గుర్తు పడుతుంది. పనితనం తెలిసినవాడు వాటిని చూసి ఆ వాద్యం చరిత్ర చెప్పేస్తాడు. విప్పిన గొట్టాలను లోతు తక్కువ పెట్టెల్లో, ఒకదానికొకటి తగలకుండా పడుకోబెడతారు. తగరం, సీసం కలిపిన లోహం మెత్తనిది. బొటనవేలితో గట్టిగా నొక్కితే సొట్ట పడుతుంది. సీసం ఎక్కువున్న పెద్ద గొట్టాన్ని సరైన ఆధారం లేకుండా ఏళ్ల తరబడి నిలబెడితే తన బరువుకు తానే కాలి దగ్గర కుంగిపోతుంది. అందుకే పెద్ద మంద్రస్వరాల గొట్టాలను చాలాచోట్ల జింకుతోనో చెక్కతోనో చేస్తారు.

తర్వాతది గాలిపెట్టె. గొట్టాలు నిలబడే పెట్టె ఇదే. స్కిన్నర్ పద్ధతిలో మెట్టు నొక్కితే ఒక చిన్న విద్యుదయస్కాంతం పలుచని బిళ్లను కదుపుతుంది. ఆ బిళ్ల సన్నని నాళంలోని గాలిని వదిలేస్తుంది. దాంతో గొట్టం కింద ఉన్న తోలుసంచి ముడుచుకుంటుంది, గాలి గొట్టంలోకి దూసుకెళ్తుంది. ఇదంతా వాయించేవాడికి ఆలస్యమనిపించనంత వేగంగా జరిగిపోతుంది. సంచి అంటున్నాను గానీ అది రూపాయి బిళ్లంత తోలుముక్క. గొట్టానికి ఒకటి చొప్పున వేలల్లో ఉంటాయి. కొన్ని దశాబ్దాలకు తోలు పొడిబారి పెళుసవుతుంది, చిల్లుపడుతుంది. అప్పుడు ఒక్కో ముక్కనూ గీకి తీసేసి కొత్తది అతికించాలి.

ఈ అతికించడంలోనే నాకు బాగా నచ్చిన విషయం ఉంది. మంచి పనివాళ్లు ఇక్కడ నేటి గట్టి ప్లాస్టిక్ జిగురు వాడరు. జంతుచర్మం నుంచి తీసిన పాతకాలపు జిగురును వేడిచేసి వాడతారు. అది ఏళ్ల తరబడి పట్టుకుంటుంది గానీ, గోరువెచ్చని నీళ్లు తగిలితే వదిలేస్తుంది. అరవై ఏళ్ల తర్వాత వచ్చే మరో పనివాడు చెక్కకు దెబ్బ తగలకుండా దాన్ని ఊడదీయగలగాలి. అతను ఇంకా పుట్టి ఉండడు. అయినా ఈ చేయి అతని గురించి ఆలోచిస్తుంది. హార్వర్డుకు వచ్చిన స్కిన్నర్ ఆర్గన్‌ను పునరుద్ధరించిన కనెటికట్‌లోని ఫోలీ-బేకర్ సంస్థ చేసింది ఈ తరహా పనే.

ఇక అసలు కష్టం పలికించడం. గొట్టం ఎలా పలుకుతుందో తెలిస్తే ఆ కష్టం అర్థమవుతుంది. కాలి రంధ్రంలోంచి గాలి పైకొస్తుంది. లోపల అడ్డంగా ఒక పలక ఉంటుంది. ఆ పలకకూ కింది పెదవికీ మధ్య వెంట్రుకవాసి సందు. గాలి ఆ సందులోంచి పలుచని తెరలా లేచి పై పెదవి అంచుకు తగులుతుంది. అటూ ఇటూ ఊగుతూ గొట్టంలోని గాలిని అదరగొడుతుంది. పిల్లనగ్రోవి పలికేదీ ఈ పద్ధతిలోనే. కాకపోతే అక్కడ వాయించేవాడి పెదవి క్షణక్షణానికీ సర్దుకుంటుంది. ఇక్కడ లోహపు పెదవి ఒక్కసారే సర్దుకోవాలి, తర్వాత జీవితాంతం అలాగే ఉండాలి.

పలికించేవాడి దగ్గర పనిముట్లు ఎన్నో ఉండవు. సన్నని కత్తి, చిన్న సుత్తి, మూతి సందు విప్పే పలుచని రేకు, కాలి రంధ్రాన్ని మూసే కోనుగిన్నె, పలక అంచున గాట్లు పెట్టే సాధనం. పై పెదవిని కొద్దిగా ఎత్తుగా కోస్తే నాదం గుండ్రంగా, మెత్తగా అవుతుంది. కోత తక్కువైతే పదునుగా, తంతివాద్యంలా వస్తుంది. పలక అంచున సన్నని గాట్లు పెడితే గొట్టం పలుకు మొదట్లో వినిపించే దగ్గులాంటి శబ్దం తగ్గుతుంది. మరీ ఎక్కువ పెడితే ఆ పలుకులో జీవమే పోతుంది. కాలి రంధ్రం పెంచితే ధ్వని పెరుగుతుంది. ఇన్నిటిలో కోత ఒక్కటి వెనక్కు తీసుకోలేనిది. ఒకసారి పెదవి ఎత్తుగా కోశాక మళ్లీ దించలేరు. కొత్త లోహం అతికించాలి, లేదా గొట్టం మార్చాలి. అందుకే చోటు మార్చిన పాత ఆర్గన్‌లో అనుభవమున్నవాడు కత్తిని చివరివరకూ తీయడు. ముందు గాలి ఒత్తిడిని సరిచూస్తాడు, కాలి రంధ్రాలు చూస్తాడు, గదిని రోజుల తరబడి వింటాడు. అప్పటికీ కుదరకపోతేనే పెదవి జోలికి వెళ్తాడు. ఆ గొట్టాన్ని మొదట కోసినవాడి నిర్ణయాన్ని ఇప్పుడు చెరిపేస్తే దాన్ని తిరిగి తెచ్చేవాళ్లు లేరు.

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు మెట్ల దగ్గర కూర్చుని ఒక్కో మెట్టూ నొక్కుతుంటారు, ఇంకొకరు లోపల గొట్టాల మధ్య నిచ్చెన మీద ఉంటారు. ‘ఊ’ అంటే తర్వాతది, ‘ఆగు’ అంటే అదే. చిన్న గొట్టాలను చేత్తో పట్టుకోకూడదు. ఒంటి వేడికి లోపలి గాలి వెచ్చబడి శ్రుతి పైకి పోతుంది. తాకిన గొట్టం చల్లారేదాకా ఆగాల్సిందే.

ఇది చోటు మార్చే పని. పెంచే పని ఇంతకంటే క్లిష్టం. కొత్త వరస చేర్చాలంటే ముందు దాని కొలత తెలియాలి. మంద్రం నుంచి తారకు వెళ్లేకొద్దీ గొట్టం ఎంత సన్నబడాలి? పొడవు స్థాయికి సగమవుతుంది. వెడల్పు కూడా స్థాయికి సగమైతే పై స్వరాలు పీలగా, నీరసంగా వినిపిస్తాయి. 19వ శతాబ్దంలో జర్మనీలో యోహాన్ గాట్లోబ్ టోఫర్ దీన్ని లెక్కకట్టాడు. వెడల్పు స్థాయికి, అంటే పదమూడో గొట్టానికి కాకుండా, పదిహేడో గొట్టానికి సగమవ్వాలన్నది అతని లెక్క. ఎనిమిదడుగుల మంద్ర గొట్టానికి 155.5 మిల్లీమీటర్ల వెడల్పు పెట్టి మొదలయ్యే ఆ కొలతను నేటికీ ఆర్గన్ పనివాళ్లు ఆనవాలుగా పెట్టుకుంటారు. ఒక పాత వరస ఆ కొలత కంటే ఎక్కడ లావు, ఎక్కడ సన్నం అని గీసి చూస్తే ఆ చేసినవాడి అభిరుచి బయటపడుతుంది. కొత్త వరస చేసేవాడు ఆ గీతను చదివి దాని పక్కనే నడవాలి. లోహం మిశ్రమం కూడా పాతదానికి దగ్గరగా ఉండాలి. అందుకే కొందరు కొత్తవి చేయించడం మానేసి, ఆ వాద్యకారుడే అదే కాలంలో చేసి ఎక్కడో గోదాములో పడి ఉన్న గొట్టాల కోసం వెతుకుతారు.

గాలి ఇంకో లెక్క. తిత్తి ఇచ్చే గాలి పాత గొట్టాలకు సరిపోయేంత ఉంటుంది. దాని మీద పది కొత్త వరసలు చేరిస్తే అన్నీ కలిసి పలికినప్పుడు గాలి చాలక పాతవి కుంగుతాయి, శ్రుతి వణుకుతుంది. బ్లోయరు, గాలిని నిలవచేసే తిత్తి, నాళాలు అన్నీ పెంచాలి. గాలి ఒత్తిడిని వంపుగొట్టంలో నీళ్లు ఎంత ఎత్తు లేస్తే అంత అని అంగుళాల్లో కొలుస్తారు. పాత సంప్రదాయ ఆర్గన్లు మూడు అంగుళాల దగ్గర పలుకుతాయి. స్కిన్నర్ కాలపు పెద్ద వాద్యాల్లో కొన్ని బాకా స్టాపులు పది, పదిహేను అంగుళాలు దాటుతాయి. మూడు అంగుళాలకు కోసిన గొట్టాన్ని ఐదు అంగుళాల మీద పెడితే అది గట్టిగా పలకదు, స్వరం విరిగి పై స్థాయికి ఎగిరిపోతుంది. చోటు విషయమూ ఉంది. ఉన్న గదిలోనే కొత్త గొట్టాలు కుక్కితే ముందు వరస వెనుక వరస నోరు నొక్కేస్తుంది. శ్రుతి చేసేవాడు లోపలికి దూరే దారి కూడా ఉండదు.

ఇలా చోటు మారడం, పెరగడం కొత్తగా మొదలైన సంగతి కాదు. ఇంగ్లండులో డాలమ్ అనే కుటుంబం కథ చూడండి. తండ్రి థామస్ డాలమ్ 1599లో ఎలిజబెత్ రాణి పంపిన కానుకగా ఒక గడియారపు ఆర్గన్‌ను హెక్టర్ అనే ఓడలో ఇస్తాంబుల్‌కు తీసుకెళ్లాడు. దారిలో వేడికి జిగురంతా వదిలిపోయింది, గొట్టాలు సొట్టపడ్డాయి. అతను సుల్తాను కోటలోనే అన్నిటినీ సరిచేసి, సుల్తాను మూడో మెహ్మెద్ ముందు వాయించాడు. తిరిగొచ్చాక 1605, 1606 సంవత్సరాల్లో కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ చాపెల్‌కు ఆర్గన్ చేశాడు. కొడుకు రాబర్ట్ 1630ల ప్రాంతంలో ఆక్స్‌ఫర్డు మాగ్డలెన్ కాలేజీ చాపెల్‌కు ఒకటి చేశాడు. అంతర్యుద్ధం తర్వాత ప్యూరిటన్ల కాలంలో చర్చిల్లో ఆర్గన్లను పగలగొడుతున్నా ఇది బతికింది. 1654 వేసవిలో జాన్ ఎవిలిన్ మాగ్డలెన్ వెళ్లి, క్రిస్టఫర్ గిబ్బన్స్ వాయిస్తుండగా దాన్ని విన్నట్టు తన డైరీలో రాసుకున్నాడు. ఆ ఏడాదే, అప్పట్లో రాజు లేని దేశాన్ని ఏలుతున్న క్రామ్‌వెల్ దాన్ని విప్పించి హాంప్టన్ కోర్టులోని తన నివాసానికి తెప్పించుకున్నాడు. రాచరికం తిరిగొచ్చాక అది మళ్లీ కాలేజీకి చేరింది. 1737లో కాలేజీ దాన్ని ట్యూక్స్‌బరీ అబ్బీకి అమ్మేసింది. నేటికీ అక్కడే ఉంది. క్రామ్‌వెల్ దగ్గర కార్యదర్శిగా ఉన్న మిల్టన్ కవి హాంప్టన్ కోర్టులో దాన్ని వాయించాడన్న నమ్మకం మీద దానికి మిల్టన్ ఆర్గన్ అని పేరొచ్చింది.

ఈ మూడున్నర శతాబ్దాల్లో దాని మీద ఎందరో చేయి వేశారు. 17వ శతాబ్దపు చివర్లో రెనాటస్ హారిస్ మాగ్డలెన్‌లో దాన్ని సవరించాడు. అతను డాలమ్ కుటుంబపు ఆడపడుచు కొడుకే. 1848లో హెన్రీ విల్లిస్ పెంచాడు. 1997లో ఐర్లండుకు చెందిన కెన్నెత్ జోన్స్ మళ్లీ కట్టాడు. అన్ని చేతులు పడినా ముందువైపు నిలబడే పాత తగరపు గొట్టాలను, పైన ఉబ్బెత్తు నగిషీతో సహా, ఎవరూ కరిగించలేదు. లోహం ఖరీదైనది. కరిగించి కొత్తవి పోయడం చౌక, తేలిక. ఆ తేలిక పని చేయనందుకు వాళ్లందరికీ నా నమస్కారం.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఉదాహరణ ఫిలడెల్ఫియాలో ఉంది. 1904 సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శన కోసం పదివేల గొట్టాలతో చేసిన ఆర్గన్‌ను 1909లో జాన్ వానమేకర్ కొని, 13 గూడ్సు పెట్టెల్లో తన దుకాణానికి తెప్పించాడు. 1911లో ఏడంతస్తుల నడిమి హాల్లో అది మోగితే ధ్వని చాలలేదు. అక్కడినుంచి దుకాణంలోనే ఆర్గన్ వర్క్‌షాపు పెట్టి 1917 లోపు ఎనిమిది వేలు, 1930 నాటికి ఇంకో పదివేలు చేర్చారు. నేడు అది 28 వేల పైచిలుకు గొట్టాల వాద్యం. దాన్ని తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. తంతివాద్యాల నాదం కోసమే ఒక పెద్ద గది నిండా గొట్టాలు పెట్టిన ఆ సాహసం విని తీరాల్సిందే. అయితే అక్కడ ప్రశ్న ‘ఇంకా ఎంత పెంచగలం’ అన్నది. కాలేజీ చాపెల్లో అడగాల్సింది ‘ఎక్కడ ఆగాలి’ అని. రెండో ప్రశ్నకు జవాబివ్వడానికి చేతికి ఎక్కువ తెలిసి ఉండాలని నా అభిప్రాయం.

మళ్లీ హార్వర్డుకు వస్తే, అక్కడ తీసుకున్న నిర్ణయం నాకు ఇందుకే తెలివైనదిగా కనిపిస్తుంది. ఫిస్క్ ఆర్గన్ చాపెల్ కొసన ఉండేది. చర్చి ప్రధాన భాగంలో కూర్చున్న జనానికి దాని నాదం చాపెల్ దాటి చేరాలి. ముందు ఉన్న గాయకులకు దగ్గర, వెనుక పాడే జనానికి దూరం. మామూలుగా అయితే అదే చోట ఇంకొన్ని బిగ్గరి వరసలు చేర్చి సరిపెట్టేవాళ్లు. వీళ్లు పని రెండుగా పంచారు. గాయకబృందానికి తోడుగా, ధ్వనిని మెల్లగా పెంచుతూ తగ్గిస్తూ పోగల స్కిన్నర్ వాద్యం ముందు. జనం పాటకు వెన్నుదన్నుగా కొత్త ఫిస్క్ వాద్యం వెనుక గ్యాలరీలో. గొట్టాల సంఖ్య పెరిగింది, కానీ ఏ ఒక్క వాద్యమూ తన గదిలో ఇరుక్కుపోలేదు.

స్కిన్నర్ వాద్యం ఈ పనికి ఎందుకు తగినదో అతని పద్ధతి చెబుతుంది. అతను ఆర్కెస్ట్రాను ప్రేమించినవాడు. ఫ్రెంచి హార్న్, ఇంగ్లిష్ హార్న్ లాంటి గాలివాద్యాల నాదాన్ని గొట్టాల్లో పట్టడానికి ఏళ్లు వెచ్చించాడు. పైకి పోయేకొద్దీ సన్నబడే శంఖాకారపు గొట్టాలతో ఎర్జేలర్ అనే మెత్తని స్టాప్ అతని సొంత సృష్టి. ఈ గొట్టాలు ఒక గదిలో ఉంటాయి. ఆ గదికి ముందు కిటికీ తలుపుల్లా నిలువు చెక్కపలకల వరస ఉంటుంది. కాలితో నొక్కితే అవి తెరుచుకుని ధ్వనిని పెంచుతాయి, మూసుకుని వినీవినిపించనంతకు దించుతాయి. 20వ శతాబ్దం మధ్యలో పాత జర్మన్ పద్ధతిమీద మోజు పెరిగి, స్కిన్నర్ ఆర్గన్లను చాలాచోట్ల పీకేశారు, లేదా పెదవులు తిరిగి కోసి ‘స్పష్టంగా’ పలికేలా చేశారు. చార్లెస్ ఫిస్క్ కూడా ఆ పాత పద్ధతి పక్షమే. యుద్ధకాలంలో కుర్రవాడిగా లాస్ అలామోస్‌లో పనిచేసి, హార్వర్డులో భౌతికశాస్త్రం చదివి, అదంతా వదిలేసి ఆర్గన్ల పనిలో దిగిన మనిషి. ఆయన వాద్యం ఖాళీచేసిన చోటికే ఆయన కాదనుకున్న పద్ధతి వాద్యం రావడం విచిత్రంగా అనిపిస్తుంది గానీ, ఆ వెంటనే వెనుక గ్యాలరీలో ఆయన వర్క్‌షాపే మరో వాద్యం చేయడంతో రెండు తరాల అభిరుచులూ ఒకే కప్పు కింద సర్దుకున్నాయి.

ఇంత చేశాక కూడా ఆర్గన్ పని అయిపోదు. వేడి పెరిగితే గొట్టాల్లోని గాలి శ్రుతి పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు మూడు సెంట్లు, అంటే అరస్వరంలో నూటికి మూడు వంతుల చొప్పున. నాలుక ఉన్న బాకా గొట్టాలు అంతగా కదలవు. కాబట్టి చలికాలంలో శ్రుతి చేసిన వాద్యం ఎండాకాలం ఆదివారానికి రెండుగా చీలిపోతుంది. అప్పుడు వచ్చినవాడు వేలాది గొట్టాల జోలికి పోడు, నాలుకలున్న కొద్దిపాటి వరసలను మిగతావాటి వైపు జరుపుతాడు. ఒకే చర్చిలో రెండు ఆర్గన్లుంటే ఒకటి ఎండ తగిలే వైపు, ఒకటి నీడ వైపు ఉండవచ్చు. రెండూ కలిసి వాయించే రోజున హీటింగు ఎప్పుడు వేయాలన్నది వాయించేవాడు, చర్చి కాపలాదారు కూడబలుక్కోవాల్సిన సంగతి.

బోస్టన్ చుట్టుపక్కల చదువుకుంటున్న తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. టెర్ము నడిచే రోజుల్లో ఆపిల్టన్ చాపెల్లో పొద్దున్నే పావుగంటసేపు ప్రార్థన జరుగుతుంది. అక్కడ కూర్చుంటే గాయకుల వెనుక స్కిన్నర్ గొట్టాలు ఎంత తగ్గి పలుకుతాయో తెలుస్తుంది. ఆదివారం వెళ్తే మాత్రం చర్చి మధ్యలో కూర్చోవాలి. జనం పాడేటప్పుడు నాదం వెనుకనుంచి వస్తుంది. ముందువరసలో కూర్చుంటే అది సగమే వినిపిస్తుంది.